ఘర్‌ఫండ్‌కు ఎనిమిది శాతం

జూన్ 12, 2025, గురువారం

ఎఫ్‌డీ మెచ్యూర్ అయిందని బ్యాంకు మెసేజ్. ఐదు లక్షలు. పేరు నాది, డబ్బు నాది కాదు. పందొమ్మిదేళ్లుగా ఈ మాట అందరికీ చెప్తూనే ఉన్నాను. ఒకసారి ట్యాక్స్ ఫారం నింపే ఆయనకు చెప్తే అదోలా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

ఘర్‌ఫండ్‌కు రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు. ఫ్యాక్టరీలో నూట నలభై మంది జీతం రోజున తలా వంద ఇస్తారు. ఎవరైనా పోతే ఆ డబ్బుతో శవాన్ని సొంత ఊరికి చేరుస్తాం. బీహార్ అయితే బీహార్, జోగిపేట అయితే జోగిపేట. ప్యాకింగ్ సూపర్‌వైజర్ కోపిష్టిదే కానీ లెక్క తప్పదని దీన్ని నా మెడకు చుట్టారు. వచ్చే ఏడాది నాకు రిటైర్‌మెంట్. ఎవరికి అప్పగించాలి అని అడిగితే అందరికీ అప్పుడే ఫోన్లు వస్తాయి.

రెన్యూ చేస్తే ఆరున్నరట. పాతది ఏడుంపావు. సేవింగ్స్‌లో ఉన్న లక్షా నలభై వేలకైతే రెండున్నర. రేపు చూద్దాం. మోకాళ్లు గుంజుతున్నాయి.

జూన్ 14

క్యాంటీన్‌లో నవీన్‌కుమార్ నా పళ్లెం పక్కన ల్యాప్‌టాప్ పెట్టాడు. అకౌంట్స్‌లో పని చేస్తాడు, మంచివాడు, కానీ పప్పు చల్లారేదాకా మాట్లాడతాడు. వనజక్కా, గిన్ని పైసలు రెండున్నరకు పండవెట్టుడేంది, గవర్నమెంట్ ఫ్లోటింగ్ రేటు బాండ్లున్నయి, ఎనిమిది పాయింట్ సున్నా ఐదు ఇస్తున్నరు అన్నాడు. రేటు ఫిక్స్‌డ్ కాదట. పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ రేటుకు ముప్పై అయిదు పైసలు కలిపి ఇస్తారట. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి మారుస్తారట. అది పెరిగితే ఇది పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. వడ్డీ ఆరు నెలలకోసారి అకౌంట్లో పడుతుంది. అసలుకు సర్కారు పూచీ.

ఎన్నేళ్లు అని అడిగాను. ఏడు అన్నాడు, కాస్త గొంతు తగ్గించి.

ఏడేళ్లకు నాకు అరవై నాలుగు వస్తాయి.

జూన్ 15

ఏడేళ్లు తగ్గించే ఉపాయం ఉందని నవీన్ పొద్దున్నే ఫోన్. ఎనభై దాటినవాళ్ల పేరు మీద కొంటే నాలుగేళ్లకే కొంత వడ్డీ కోసుకుని ఇచ్చేస్తారట. మీ అత్తమ్మ ఉన్నది గద అక్కా అన్నాడు.

ఉంది. నర్సింహమ్మ గారు. రజాకార్ల గొడవలప్పుడు జొన్నచేలో దాక్కున్న కథ రోజుకోసారి చెప్తుంది. కాబట్టి ఎనభై ఎప్పుడో దాటింది. ఆధార్ తీసి చూస్తే పుట్టిన సంవత్సరం 1957. ఆధార్ తీయించుకున్న రోజు క్యాంపులో పిల్లగాడు వయసెంత అంటే, నాకేం ఎరుక బిడ్డా, నువ్వే సూసి ఏసుకో అందట. వాడు చూసి వేసుకున్నాడు. ఆ లెక్కన మా ఆయన పుట్టినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు.

అరవై దాటి డెబ్బై లోపు అయితే ఆరేళ్లు ఆగాలట. ఒక్క ఏడాది కోసం ఆమెను బ్యాంకు మెట్లు ఎక్కించలేను. పైగా రేపు ఏమన్నా అయితే ఆడపడుచులు ఇద్దరూ వాటాకు వస్తారు. వద్దన్నాను. విషయం తెలిసి అత్తమ్మ మధ్యాహ్నం అన్నం దగ్గర అలిగింది. నా పేరు మీద ఆరు లచ్చలుంటె నీకేమన్న కడుపునొప్పా అని అడిగింది. నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

జూన్ 21

లెక్క వేశాను. ఆరు లక్షలు బాండ్లలో పెడితే ఏడాదికి నలభై ఎనిమిది వేల మూడు వందలు. అసలు ముట్టకుండానే వడ్డీతో ఏటా ఒక మనిషిని ఇంటికి పంపొచ్చు.

ఇక్కడ నిజం రాసుకోవాలి. నన్ను లాగింది ఆ నలభై ఎనిమిది వేలు కాదు. జీతం రోజున డబ్బా పట్టుకుని తిరగక్కర్లేదు అన్న ఆలోచన. పందొమ్మిదేళ్లు నెలనెలా నూట నలభై మంది దగ్గరికి పోయి చెయ్యి చాపాను. ఇచ్చేవాళ్లు నవ్వుతూ ఇస్తారు, ఇవ్వనివాళ్లు బాత్‌రూమ్‌లోకి పోతారు. తలుపు దగ్గర నిలబడి ఎదురు చూశాను, సిగ్గు లేకుండా. అలిసిపోయాను. ఎవరినీ ఏమీ అడగకుండా ఒక్క జీతం రోజు గడపాలని ఉంది.

జూన్ 27

షిఫ్టు మారే టైంలో సైకిల్ షెడ్డులో మీటింగ్. నలభై మంది వచ్చారు. నవీన్ చెప్పాడు, ఎనిమిది అనగానే అందరి మొహాలూ వెలిగాయి. ఏడేళ్లు అని కూడా చెప్పాడు. దాచలేదు.

బాయిలర్ గులాం రసూల్ భాయ్ ఒక్కడే ఒప్పుకోలేదు. ఈ ఫండ్ మొదలుపెట్టింది ఆయనే. అప్పట్లో ఒక బీహార్ కుర్రాడి శవం మార్చురీలో నాలుగు రోజులుంటే గేటు దగ్గర తువ్వాల పరిచి కూర్చున్నాడు. ఇవాళ లేచి, అవసరానికి జల్దీ చేతికొస్తెనే పైసలు వనజమ్మా, లేకుంటె కాయితమే అన్నాడు. కరోనా గుర్తు చేశాడు. ఆ ఒక్క మే నెలలో తొమ్మిది మందిని పంపాం. ఎలా పంపాం? ఎఫ్‌డీ మీద లోను తీసుకుని. ఎప్పుడూ అలాగే చేస్తాం. ఎఫ్‌డీ కాగితం కౌంటర్లో పెడితే గంటలో తొంభై శాతం ఇస్తారు, తర్వాత నెలనెలా వందలతో కట్టేస్తాం.

దీని మీద కూడా లోను ఇస్తరు భాయ్, సర్కారు కాయితం మీద ఇయ్యక దేని మీద ఇస్తరు అన్నాను. ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. బంగారం మీద ఇస్తారు, ఎఫ్‌డీ మీద ఇస్తారు, ఎల్‌ఐసీ మీద ఇస్తారు. బ్యాంకులో పెట్టిన ఏ కాగితం మీదైనా లోను వస్తుందనే నమ్మకంతో ఇంత వయసు వచ్చింది నాకు.

భాయ్ కూర్చున్నాడు. నువ్వు జెప్పినంక ఇగ ఏముంది అన్నాడు.

జూలై 8

బ్యాంకు. కౌంటర్లో చంద్రిక అనే అమ్మాయి, ఓపికగలది. నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం. ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం చేశాను. సంఘం పేరు మీద ఇవ్వరు, మనుషుల పేరు మీదే. మళ్లీ నా పేరే. నామినీ కావాలంది. గులాం రసూల్ భాయ్ పేరు రాయించాను. మీకేమవుతారు మేడం అని అడిగింది. తోటి కార్మికుడు అంటే ఆ గడిలో ఏం రాయాలో ఆమెకు అర్థం కాలేదు.

ఆరు లక్షలు పోయాయి. నలభై వేలు ఉంచాను, ఈ నెల వసూలైన పదమూడు వేల రెండు వందలు దానికి అదనం.

జూలై 9

హాయిగా నిద్రపోయాను.

ఆగస్టు 7

జీతాలు. అలవాటుగా డబ్బా పట్టుకుని లేచాను. ముప్పై ఒక్క మంది ఇచ్చారు. మిగతావాళ్లు బాత్‌రూమ్‌కు కూడా పోలేదు, మొహం మీదే అడిగారు. ఇంట్రెస్ట్ వస్తది గద అక్కా, ఇగ మా వంద ఎందుకు? ప్యాకింగ్ ఆడవాళ్లు కూడా అదే మాట. వాళ్లకు ఏమని చెప్పను? నేనూ లోపల అదే అనుకున్నాను కదా.

మిల్లింగ్ చిన్నరాములు వాళ్ల అమ్మ పోయింది. దహనానికి పదిహేను వేలు ఇచ్చాం. లోకల్‌కు అంతే రూలు.

సెప్టెంబర్ 8

నేను లేవలేదు. డబ్బా బీరువాలోనే ఉంది.

సాయంత్రం రియాక్టర్ హెల్పర్ సుదామ్ వెతుక్కుంటూ వచ్చాడు. ఒడిశా, గంజాం జిల్లా. ఆరేళ్లుగా చిట్కుల్‌లో రూములో ఉంటున్నాడు. దీదీ, ఆప్ ఆయీ నహీ, వసూలుకు రాలేదే అన్నాడు. ఇప్పుడు వడ్డీ వస్తుంది, వసూలు ఆపేశాం అని వచ్చీరాని హిందీలో చెప్పాను. అచ్ఛా హై అని తల ఊపి వెళ్లిపోయాడు. వంద మిగిలిందన్న సంతోషం మాత్రం మొహంలో కనిపించలేదు.

అక్టోబర్ 17

బాలెన్స్ పదకొండు వేల మూడు వందలు. ఈ నెల మరో రెండు దహనాలు. వడ్డీ జనవరి ఒకటిన. రెండున్నర నెలలు. అప్పటిదాకా అందరూ బాగుండాలి.

నవంబర్ 19, బుధవారం. ఉదయం 6:40

సుదామ్ పోయాడు. రూములో. నిన్న కొద్దిగా ఛాతీలో మంట అన్నాడట, సోడా తాగి పడుకున్నాడట. రూమ్మేట్లు లేపితే లేవలేదు. ముప్పై నాలుగేళ్లు.

ఉదయం 9:15

కాంట్రాక్టర్ పది వేలు పంపించాడు. డ్యూటీల పోలేదు గద, రూముల పోయిండు, నేనేం జెయ్యాలె అన్నాడట. తర్వాత ఫోన్ స్విచాఫ్. రూమ్మేట్ల దగ్గర ఆరు వేలు. మన దగ్గర పదకొండు వేల మూడు వందలు. ఫ్రీజర్ పెట్టె ఉన్న అంబులెన్స్‌కు గంజాం దాకా యాభై ఎనిమిది వేలు. డ్రైవర్ పాతవాడే, మన మనుషుల్ని పది పన్నెండు మందిని తీసుకెళ్లాడు. డీజిల్‌కు ముందే మొత్తం కావాలన్నాడు. అతని బండి కూడా ఫైనాన్స్‌లోనే ఉంది.

భయం లేదు. బాండ్ కాగితం తీసుకుని బ్యాంకుకు పోతున్నాను.

మధ్యాహ్నం 12:30

ఇవ్వరు.

చంద్రిక కుర్చీ వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్లు తెప్పించింది. అప్పుడే అర్థమైంది. ఈ బాండ్ల మీద లోను రాదు మేడం, అమ్మడానికి లేదు, వేరే పేరుకు మార్చడానికి లేదు, మీ వయసువాళ్లు గడువుకు ముందు తీసుకునే ఆప్షన్ కూడా లేదు, 2032 జూలై దాకా అంతే అంది. మా బ్యాంకులోనే కాదు, ఎక్కడికి పోయినా ఇంతే అంది. అరిచాను. లైన్లో ఉన్నవాళ్లందరూ చూశారు. ఆమె నా ఫారం కాపీ తీసి ఆ లైను చూపించింది. కింద నా సంతకం. పెద్దగా, శుభ్రంగా.

ఆరు లక్షలు భద్రంగా ఉన్నాయి. దేశంలో ఇంతకన్నా భద్రమైన చోటు లేదట. ఆ మాట కూడా చంద్రికే, నన్ను ఓదార్చడానికి అంది.

నా గాజులు అత్తమ్మ కంటి ఆపరేషన్ నాటి నుంచీ గోల్డ్ లోన్‌లోనే ఉన్నాయి. ఆటోలో వస్తూ ఖాళీ చేతులు చూసుకున్నాను.

సాయంత్రం 4:00

రెండు గంటల షిఫ్టుకు గేటు దగ్గర నిలబడ్డాం, నేను, భాయ్, నవీన్. నెలలో పంతొమ్మిదో తారీఖు. ఎవరి దగ్గర ఏముంటుంది? ఇరవై, యాభై ఇచ్చారు. ఫోన్‌లోంచి కొట్టినవాళ్లు కొట్టారు. ఒకాయన మాత్రం ఆరు లచ్చలేమైనయి అక్కా అని అందరి ముందూ అడిగాడు. బ్యాంకుల ఉన్నయి అన్నాను. ఉంటె తేరాదా మరి అన్నాడు. చాలా మంది ఆగి విన్నారు. ఆ తర్వాత ఇచ్చేవాళ్లు తగ్గారు.

నవీన్ ఐదు వేలు వేశాడు. వాడికి ఏడుపు ఒక్కటే తక్కువ. భాయ్ రెండు వేలు, నా దగ్గర మిగిలిన పదిహేను వందలు నేను. మొత్తం కలిపితే నలభై ఒక్క వేల ఆరు వందలు. అంబులెన్స్ అతను యాభై రెండుకు దిగాడు. ఇంకా పది వేల నాలుగు వందలు కావాలి. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ రేపు మేనేజర్ వస్తే అడుగుతానన్నాడు.

నవంబర్ 20. ఉదయం 8:00

హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడం లేదు. పంచనామా నిన్ననే అయిపోయింది. మార్చురీలో ఫ్రీజర్ పని చేయడం లేదు, ఇవాళ తీసుకెళ్లండి అంటున్నారు.

ఉదయం 10:20

రూమ్మేట్ ఫోన్‌లో సుదామ్ భార్యతో మాట్లాడాం. పేరు కుంతల. ఆమె ఒడియాలో ఏదో అడిగింది, రూమ్మేట్ జవాబు చెప్పాడు, మళ్లీ అడిగింది. ఏమంటోందని అడిగితే ఎంత తక్కువ పడిందని అడుగుతోంది అన్నాడు. పది వేల నాలుగు వందలు అని చెప్పించాను.  తర్వాత, అక్కడే కానిచ్చేయండి అందట. ఊళ్లో అప్పు అడుగుతానన్నా రేపటిదాకా ఆగడం కుదరదు కదా అందట. ఆమె మాకు సర్ది చెప్పింది.

సాయంత్రం 5:00

పటాన్‌చెరులోనే అయిపోయింది. రూమ్మేట్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. వీడియోలో కుంతల, పక్కన ఇద్దరు పిల్లలు, వెనక ఒక ముసలాయన. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి మంటలు పైకి లేచాయి. ముసలాయన మొహం చూపించమని అడుగుతున్నాడు. చూపించడానికి ఏమీ లేదు.

పందొమ్మిదేళ్లలో ఇంటికి చేరనిది ఈయనొక్కడే. నా చేతుల మీదుగా.

నవంబర్ 21

లీవ్. దహనానికి పోను మిగిలిన డబ్బు రూమ్మేట్ చేత కుంతలకు పంపించాను.

నవంబర్ 23, ఆదివారం

నవీన్ ఇంటికి వచ్చాడు. చెప్పు తీసుకుని కొడతానేమోనని అనుకున్నట్టున్నాడు, గడప బయటే నిలబడ్డాడు. అక్కా, నేను రేటు సూసిన, సేఫ్టీ సూసిన, గిట్లయితదనుకోలే అన్నాడు. అబద్ధం కాదు. అతను చెప్పిందంతా నిజమే. రేటు ఎక్కువ, నిజం. అసలు పోదు, నిజం. ఏడేళ్లని కూడా చెప్పాడు. లోను వస్తుందని చెప్పింది నేను.

కూర్చోబెట్టి టీ ఇచ్చాను. వాళ్ల నాన్న రిటైర్‌మెంట్ డబ్బులో సగం కూడా ఇవే బాండ్లలో పెట్టించాడట. అందులో తప్పేం లేదు, ఆయనకు పెన్షన్ ఉంది, ఏడేళ్లు ఆగగలడు అన్నాను. రేపు కావాల్సినవి కావు కదా ఆ పైసలు. మన పైసలు రేపే కావాల్సినవి. ఈ చిన్న తేడా చెప్పడానికి నాకు యాభై ఏడేళ్లు పట్టింది.

అత్తమ్మ లోపలి నుంచి, నా పేరు మీద పెడితె గిట్లయ్యేదా అని అరిచింది. నవీన్ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

డిసెంబర్ 8

జీతాలు. పోయాను. పందొమ్మిది మంది ఇచ్చారు. ఒకమ్మాయి వంద ఇస్తూ ఇదైనా చేతికి అందేట్టు ఉంచు అక్కా అంది. కోపం రావాల్సింది. రాలేదు.

గులాం రసూల్ భాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కటంటే ఒక్కటి అంటే బాగుండు.

జనవరి 1, 2026

ఉదయం టింగుమని మెసేజ్. వడ్డీ పడింది. టీడీఎస్ పోను ఇరవై ఒక్క వేలకు కాస్త అటూ ఇటూ. చెప్పిన రోజుకు, చెప్పినంత. వచ్చే ఆరు నెలలకు కూడా రేటు అదేనని నవీన్ మెసేజ్ పెట్టాడు. బొమ్మలేమీ పెట్టలేదు పాపం.

తక్కువ పడింది పది వేల నాలుగు వందలు. నలభై రెండు రోజుల తర్వాత దానికి రెండింతలు వచ్చింది. వంట చేయలేకపోయాను. అత్తమ్మే అన్నం వండింది.

కుంతలకు పంపిద్దామని రూమ్మేట్‌ను అకౌంట్ నంబరు అడిగాను. ఆమే వస్తోంది దీదీ అన్నాడు.

జనవరి 17

కుంతల వచ్చింది. పిల్లల్ని మామ దగ్గర వదిలి, ఒక్కతే, సంచితో. చిన్న మనిషి. ఆయన్ను ఎక్కడ కాల్చారో చూపించమని తనకొచ్చిన కాస్త హిందీలో అడిగింది. తీసుకెళ్లాను. ఆ చోట వేరే ఎవరిదో బూడిద ఉంది. ఇదేనా అంది. ఇదే అన్నాను. ఇంత చిన్న చోటా అంది. వడ్డీ డబ్బు చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని పది వేల నాలుగు వందలు వేరుగా కొంగున ముడి వేసుకుంది. ఎందుకని అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ప్యాకింగ్‌లో పని ఉందా అని అడిగింది.

జనవరి 19

నా లైనులోనే పెట్టుకున్నాను. కాంట్రాక్టర్‌తో గంట కొట్లాడాను. ఆమె చేతులు చురుకు.

ఫిబ్రవరి 7

కుంతలకు మొదటి జీతం, పదమూడు రోజులది. డబ్బా పట్టుకుని ఆమె ముందు ఆగకుండా దాటిపోయాను. వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకుని వంద ఇచ్చింది. ఇది ఇస్తే నన్ను మా ఊరికి పంపుతారా అని అడిగింది. పంపుతాం అన్నాను. 2032 దాకా చావొద్దు అని మాత్రం చెప్పలేదు.